వద్దన్నా కప్పిన శాలువా

ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడ్డవాడు మళ్ళీ అదే ఆసుపత్రికి, అదే వార్డుకు పనిగట్టుకుని వెళ్ళి, పదిమందీ చూస్తుండగా తన పరువు తానే తీసుకుని రావడం ఎలాగో ఎవరికైనా తెలుసుకోవాలనుంటే నా దగ్గరికి రండి. అంత పకడ్బందీగా ఆ పని చేసినవాడు మా భవానీపురంలో మరొకడు లేడు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వుకంటే ముందు నీరసం వస్తుంది. అందుకని కూర్చునే చెబుతాను, మీరూ కూర్చునే వినండి.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. అది పొట్టకూటికి. అసలు వృత్తి సన్మానాలు చేయించడం. మా పేట సాంస్కృతిక సంఘానికి కార్యదర్శిని. కూచిపూడి నుంచి నాట్యాచార్యుడు వచ్చినా, పక్కవీధి పోస్ట్‌మాన్ రిటైరైనా శాలువా కప్పేది నేనే. మా ఇంట్లో పప్పు నిండుకున్న రోజులున్నాయి కానీ, బీరువాలో శాలువా లేని రోజు లేదు. ఎదురొచ్చిన ప్రతివాడి భుజాలూ నేను కొలత చూస్తుంటానని మా ఆవిడ వసంత అంటుంది. ఆవిడ మాటల్లో అతిశయోక్తి తక్కువ.

ఆ వానాకాలం మా వీధిలో మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలోనే తిరిగి మూడు రోజులు ఒక సన్మానసభకు ఆహ్వానపత్రాలు పంచాను. తర్వాత కొద్దిరోజులకే జ్వరం పట్టుకుంది. కళ్ళు పసుపుపచ్చగా మారాయి. ఎలుక జ్వరమన్నారు. కాలేయం దెబ్బతింది, మూత్రపిండాలు మొండికేశాయి. ఆసుపత్రి ముందు ఆటో దిగుతుంటే కళ్ళజోడు కింద పడింది. దాని మీద నా కాలే పడింది. ఆ జోడు లేకపోతే నాకు మనిషికీ గుమ్మానికీ తేడా తెలియదు. నన్ను తర్వాత తిట్టుకోబోయే ముందు ఈ సంగతి కాస్త దయతో గమనించండి.

వార్డులో మొదటి రెండు వారాలూ నాకు నరకం. ఒంట్లో ఏ ఎముక కదిలించినా నొప్పి. మంచినీళ్ళు తాగినా వాంతి. వసంతను సాయంత్రం ఒక్క గంటే లోపలికి రానిచ్చేవారు. మిగతా పొద్దంతా నేనూ, నా భయమూ. సభల్లో గంటల తరబడి మాట్లాడే నేను, చచ్చిపోతానేమోనన్న ఒక్క మాట ఎవరితోనూ అనలేక, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేవాణ్ణి.

అలా ఏడుస్తున్న ఒక పొద్దున ఎవరో ఆడమనిషి వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ముఖానికి మాస్కు, నాకా కళ్ళు ఆనవు. వేసుకున్నది తెల్లబట్టలో నీలంబట్టలో కూడా చెప్పలేను.

"ఏడుపొస్తే ఏడవండి మాస్టారూ, తప్పేం లేదు. ఏడవడం అయ్యాక మాత్రం నాలుగు చెంచాల జావ తాగాలి," అంది.

ఏడ్చాను. తాగాను. తాగినదంతా ఆమె చేతుల మీదే కక్కాను. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆమె వెళ్ళి చేతులు కడుక్కొచ్చి, మళ్ళీ చెంచా అందుకుంది. మొదటిసారి పోసింది లెక్కలోకి రాదులెమ్మంది.

ఆ రెండు వారాలూ రోజూ పొద్దున వచ్చేది. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది. ముందు తెర లాగేది, ఆ తర్వాతే నా ఒంటి మీద చెయ్యి వేసేది. మంచాన పడ్డవాడికి కూడా సిగ్గుంటుందని ఆమెకు తెలుసు. అది తెలిసినవాళ్ళు ఎంత తక్కువమందో మంచాన పడ్డాక నాకు తెలిసింది. మందులు నా జ్వరాన్ని తగ్గించాయేమో కానీ, నేనింకా మనిషినేనన్న నమ్మకం నిలబెట్టింది ఆమే. ఇంతా చేసి నేను ఆమె పేరడగలేదు. అమ్మా అంటే పలికేది, అది చాలనుకున్నాను. మూడో వారం నాకు కొత్త కళ్ళజోడు వచ్చేసరికి ఆమె రావడం మానేసింది.

ఇంటికొచ్చాక మనసు ఊరుకుంటేనా. ఆమెకు కృతజ్ఞత చెప్పుకోకపోతే నేను బతికీ ప్రయోజనం లేదనిపించింది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? వెళ్ళి, చేతులు పట్టుకుని, నీ మేలు మరచిపోనమ్మా అని చెప్పి వస్తాడు. అలాంటి చిన్న పద్ధతులు నాకు చేతకావు. ఆమెకు వార్డులోనే సన్మానం చెయ్యాలని నిర్ణయించాను.

"ముందు ఆవిడెవరో సరిగ్గా కనుక్కోండి," అంది వసంత.

కనుక్కోవడమెంతసేపు? వార్డుకు ఫోన్ చేసి, నేనున్న రోజుల్లో పొద్దుటి డ్యూటీ సిస్టర్ ఎవరని అడిగాను. రాజకుమారి సిస్టరని చెప్పారు. సంతోషంగా ఫోన్ పెట్టేశాను. నేనడిగినదానికి వాళ్ళు సరైన జవాబే చెప్పారు, అడగడంలోనే నా బుద్ధి బయటపడింది. అంత ఓర్పుగా, అంత పనితనంతో చూసుకున్న మనిషి నర్సు కాక ఇంకెవరవుతారనుకున్నాను. పాతికేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాడి తెలివి అది.

వన్ టౌన్‌లో తెలిసిన కొట్టు నుంచి జరీ అంచు శాలువా తెప్పించాను. రాజకుమారి గారి పేరు, కింద 'సేవామూర్తి' అన్న బిరుదు చెక్కించి జ్ఞాపిక చేయించాను. బంతిపూలూ గులాబీలూ కలిపి దండ కట్టిస్తే, దాన్ని మోయడానికి మా సంఘం అధ్యక్షులు ప్రసాదరావు గారు స్వయంగా రావలసివచ్చింది. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ చెప్పారు. మూడు పేజీల సన్మానపత్రం రాసుకున్నవాడికి అలాంటి మాటలు వినిపించవు. ఆసుపత్రివాళ్ళు వార్డు బయట వరండాలో పది నిమిషాలకు ఒప్పుకున్నారు. మైకు మాత్రం వద్దన్నారు. అది నన్ను కొంచెం బాధపెట్టింది.

పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్ళాం. అప్పుడే తుడిచినట్టున్నారు, వరండా ఇంకా తడిగా ఉంది. బకెట్టూ తుడిచే కర్రా పట్టుకుని ఒక ఆయమ్మ గోడవారగా నిలబడింది. ఫోటోలో బకెట్ పడుతోందని ప్రసాదరావు గారు గొణిగారు. నేను పక్కకు జరగమని ఆమెకు చేత్తో సైగ చేశాను. ఆమె బకెట్ తీసుకుని స్తంభం వెనక్కి జరిగింది. ఆ సైగ చేసిన చెయ్యి ఇదే, ఇప్పుడు మీకోసం ఈ ముక్క రాస్తున్న చెయ్యి.

రాజకుమారి సిస్టర్‌ను పిలుచుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె కూర్చోలేదు, మేమే కూర్చోబెట్టాం.

"నాకెందుకండీ సార్ ఇదంతా," అంది ఆమె ఇబ్బందిగా.

గొంతు వేరేగా ఉందేమిటా అని ఒక్క క్షణం అనిపించింది. మాస్కు తీస్తే గొంతు మారదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇక వద్దనడం అంటారా, మా వృత్తిలో రహస్యమొకటి చెబుతాను. సన్మానమనగానే ఎవరైనా వద్దనే అంటారు. వాళ్ళు వద్దనడం, మేం బలవంతం చెయ్యడం, వాళ్ళు తల వంచడం, ఇదీ వరస. వద్దనకుండా కుర్చీలో కూర్చున్నవాణ్ణి నా అనుభవంలో ఒక్కణ్ణే చూశాను. అతని గురించి ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. కాబట్టి సిస్టర్ వద్దంటున్నకొద్దీ నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ తల్లి నాకు చెంచాతో జావ పోసిందన్నాను. జావ పోసింది తను కాదని సిస్టర్ మెల్లగా అంది. చూశారా వినయం అని సభ వైపు తిరిగాను. సభంటే ఇద్దరు నర్సులు, సెలైన్ స్టాండు పట్టుకుని వినోదం చూడ్డానికి బయటికొచ్చిన ఒక పేషెంటు, మా వాళ్ళిద్దరూ. ఈ తల్లి నా వాంతిని దోసిట పట్టిందన్నాను. సిస్టర్ లేచి, అది తను కాదని, నేను చెబుతున్నది ఇంకెవరి గురించోనని ఏదో పేరు చెప్పబోయింది. నేను గొంతు పెంచాను. మైకు లేని లోటు గొంతుతో తీర్చడం నాకు కొట్టినపిండి. వసంత వెనకనుంచి నా చొక్కా పట్టుకు లాగింది. ప్రతి సభలోనూ లాగుతుంది, అదేదో మామూలేననుకుని ఇంకో పేజీ చదివాను.

సిస్టర్‌కు శాలువా కప్పాను. దండ వేశాను. ప్రసాదరావు గారు ఉత్సాహంలో రెండు బుట్టల విడిపూలు ఆమె మీద కుమ్మరించారు. నేను జ్ఞాపిక పైకెత్తి సేవామూర్తీ అని మూడోసారి అంటుండగా వరండా గిర్రున తిరిగింది. చెవుల్లో హోరు. కాళ్ళు నావి కావన్నట్టు వంగిపోయాయి.

ఎవరో కర్ర కిందపడేసి పరుగెత్తుకొచ్చి, నన్ను చంకల కింద పట్టుకున్నారు.

"మెల్లగా మాస్టారూ. తల దించండి. కళ్ళు మూసుకోండి. నేను పట్టుకున్నాగా."

కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే తెలిసిపోయింది. ఆ గొంతు, ఆ పట్టు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఇంతసేపూ ఒకే వరండాలో ఉన్నా పోల్చుకోలేని మనిషిని, కళ్ళు మూసుకున్న మరుక్షణం పోల్చుకున్నాను. సన్మానం కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టారు. కళ్ళు తెరిస్తే, ఇందాక నేను పక్కకు తోలిన ఆయమ్మ నా ముందు గొంతుక్కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. తలమీద కొంగు, తడిచేతులు.

"సార్, ఇందాకట్నుంచీ నేను చెప్పబోతోంది ఈమె గురించేనండి," అంది రాజకుమారి సిస్టర్. "మస్తాన్‌బీ, మా ఆయమ్మ. మీకు ఇంజెక్షన్లు నేనిచ్చాను. మిగతాదంతా ఈమే చేసింది. మధ్యలో ఆడవాళ్ళ వార్డుకు వేశారు, మొన్ననే మళ్ళీ ఇటొచ్చింది."

సిస్టర్ తన మీది శాలువా తీసి ఆమెకు కప్పబోయింది. మస్తాన్‌బీ వెనక్కి తగ్గింది. చేతులు తడిగా ఉన్నాయి, అంచు పాడవుద్దంది. మరి ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నారమ్మా అని అడిగాను.

"నా గురించని నాకేం తెలుసండి? సిస్టర్ గారి గురించి బాగా చెబుతున్నారనుకుని విన్నా," అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నన్ను మనిషిగా నిలబెట్టినామెనే బకెట్‌తో సహా పక్కకు తోలానని చెప్పాను. క్షమించమన్నాను. అంతటితో ఆగి ఉంటే కొంతైనా పరువు దక్కేది. అలవాటైన నోరు కదా, వచ్చే ఆదివారం మా సంఘం హాల్లో, మైకు పెట్టి, ఇంతకు రెట్టింపు సన్మానం ఆమెకు చేస్తానని ప్రకటించేశాను.

"వద్దు మాస్టారూ," అంది మస్తాన్‌బీ.

అలా అనకూడదమ్మా అని చెప్పడానికి నేను అప్పటికే నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడటం లేదు. వరండా చూస్తోంది. నేనూ చూశాను. తడినేల మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బంతిరేకులూ గులాబీరేకులూ అతుక్కుపోయి, మా చెప్పుల కింద నలిగి, బురదలో కలిసి ముద్దయి ఉన్నాయి.

"నాకేమన్నా చెయ్యాలనుంటే ఆ కాళ్ళు కాస్త పైకెత్తండి. ఇదంతా మళ్ళీ తుడుచుకోవాలి. డాక్టర్ గారు రౌండ్స్‌కొచ్చే టైమైంది."

ఎత్తాను. కుర్చీలో కూర్చుని, రెండు కాళ్ళూ గాలిలో పెట్టుకుని, మీ మేలు బతికినంతకాలం మరచిపోలేనమ్మా అన్నాను. నిజంగా చెప్పాలనుకున్నది ఆ ఒక్క మాటే.

ఆమె వంగి నా కుర్చీ కింద పూలు తుడుస్తూ, "నేనూ మరచిపోలేను లెండి. ఇన్ని పూలు ఈ వార్డులో ఎప్పుడూ ఎత్తలేదు," అంది.

కనుక పాఠకమహాశయులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఎవరికైనా కృతజ్ఞత చెప్పుకోవలసి వస్తే దండలు మోసుకెళ్ళను. ముందు వాళ్ళ పేరు వాళ్ళనే అడుగుతాను. వద్దంటే ఆగుతాను. తుడిచిన నేల ఆరేదాకా గుమ్మం బయటే నిలబడి, ఒక్క ముక్కలో చెప్పి వచ్చేస్తాను.