చప్పుడు లేని డిస్కు

ఏ కంప్యూటర్ వచ్చినా ప్యో జుంగ్‌గిల్ ముందు దాని హార్డ్ డిస్కు దగ్గర చెవి పెడతాడు. స్క్రూడ్రైవర్ పట్టేది ఆ తర్వాతే.

యోంగ్‌సాన్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో, ఆ అంతస్తులో తెరిచి ఉన్నది అతని రిపేరు కొట్టొక్కటే. రెండు పక్కలా దించేసిన షట్టర్లు. భార్య పోయాక అతను ఒకరి ఎదురుగా కూర్చుని తిన్నది లేదు, బొక్‌సున్ వచ్చిన రోజుల్లో తప్ప.

బొక్‌సున్‌ది కింద సందులో కుట్టుకొట్టు. మిషను మీద బడిపిల్లల చొక్కాలకు పేర్లు కుడుతుంది. ఆ అక్షరాల నమూనాలన్నీ ఆమె పాత కంప్యూటర్లోనే ఉంటాయి. కొన్ని నెలలకోసారి అది నత్తనడక పట్టేది. జుంగ్‌గిల్ పనికిరాని ఫైళ్లు చెరిపేసి, డిస్కంతా చెల్లాచెదురైన ముక్కల్ని ఒకచోటికి చేర్చేవాడు. అందుకు ఓ పూట పట్టేది. ఆమె కదిలేది కాదు. కాల్చిన చిలగడదుంప ఒలుచుకుంటూ, తెర మీద ఎర్రగళ్లు ఒక్కొక్కటే నీలిగళ్ల పక్కకు చేరుతుంటే ఇద్దరూ చూస్తుండేవారు.

"షావుకారు గారూ, నత్తకు మందేస్తున్నారా, దాంతోపాటు మీరూ పాకుతున్నారా?"

"తొందరైతే వెళ్లి రండి టైలరమ్మా."

"వెళ్తే దుంపంతా మీరే మింగేద్దామనా!"

కొత్తరకం డిస్కు వేస్తే ఈ సర్దుడే అక్కర్లేదని అతనికి ఎప్పటినుంచో తెలుసు. చెప్పలేదు.

ఈసారి ఆకులు రాలే రోజుల్లో తెచ్చింది. చెవి పెట్టాడు. టిక్కుమంది. ఆగింది. మళ్లీ టిక్కుమంది.

"ఏమంటోంది?"

"వయసైపోయిందంటోంది."

"దానికా, నాకా?"

అతను నవ్వలేదు. ఇంకోసారి సర్దబోతే ఆ శ్రమకే డిస్కు చచ్చిపోవచ్చు. నమూనాలన్నీ దానితోనే పోతాయి.

"మార్చేద్దాం" అన్నాడు.

అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి స్విచ్ వేశాడు. రెప్పపాటులో తెర వెలిగింది.

"అమ్మో! ఇక మళ్లీ తేనక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మంచిదేగా" అంది ఆమె. ఒలుస్తున్న దుంపను సగానికి విరిచి, అతని సగం బల్ల మీద పెట్టింది. అలవాటుగా అతను కొత్త డిస్కు దగ్గర చెవి పెట్టాడు. ఏమీ వినిపించలేదు.

మర్నాడు పొద్దున తన మంచి చొక్కాకు రెండో గుండీ దారం తెంపాడు. గుండీ జేబులో వేసుకుని, చొక్కా మడిచి చంకన పెట్టుకుని కింద సందులోకి దిగాడు. కుట్టుకొట్టు ఇంకా తెరవలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.