వయ్యారిభామ కషాయం

పెనుగంచిప్రోలు జయమణికి కోపం వస్తే అంత తొందరగా పోదు. ఆమెతో ఒకే ముఠాలో కూలికెళ్లేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

నిరుడు పత్తితీత చివరి రోజున రైతు కిషోర్‌బాబు, పత్తి దాచిందన్న అనుమానంతో అందరి ముందూ ఆమె ఒడి విప్పించి దులిపించాడు. రాలింది ఒక వక్కల పొట్లం. అయినా తప్పయిందన్న మాట అతని నోట రాలేదు. ఆ మాట అందరి ముందూ అనిపించాలని జయమణి పంతం పట్టింది. ఆదివారం పాస్టరుగారు క్షమాపణ గురించి చెబుతుంటే ఆమె ఫ్యాను వంక చూస్తూ కూర్చునేది.

ఈ ఏడు ఆమెకు దారి దొరికింది. వయ్యారిభామ మొక్కలు పీకి కుప్పేసిన చోట గోంగూర గింజలు చల్లితే ఒక్కటీ మొలవలేదు. ఆ పిచ్చిమొక్క రసం గింజను లేవనివ్వదని గ్రహించింది. చిల్లకల్లు రోడ్డు వారన మోపులకొద్దీ కోసుకొచ్చి, నరికి, డ్రమ్ముల్లో నానేసింది. చేతులు దద్దుర్లెక్కాయి.

"ఎక్కనీ. వాడి చేను బీడైతే చాలు," అంది నాతో.

కిషోర్‌బాబు చేలో పత్తిగింజలు పెట్టింది మా ముఠాయే. మర్నాడు సాయంత్రం కాలువ వైపు సాళ్లమీద ఆమె ఆ కషాయం బిందెలతో పోసింది. నేను వద్దనలేదు. నాకూ అతనంటే మంటే.

తీరా చూస్తే పత్తి నిక్షేపంలా మొలిచింది. మొలవనిది కలుపు! గడ్డల నుంచి వచ్చే తుంగ మాత్రం ఎప్పటిలాగే లేచింది గానీ, పైపైన ఉన్న సన్నటి కలుపుగింజలన్నీ మాడిపోయాయి. మేం లోతుగా దోపిన పత్తిగింజ దాకా కషాయం దిగనేలేదు. గోంగూర గింజలు మట్టిపైన చల్లినవన్న సంగతి జయమణి మరిచింది. పగవాడికి మేలు చేశానని కుతకుత ఉడికిపోయింది.

మిగతా చేలో మేం కలుపు తీస్తుంటే కిషోర్‌బాబు గట్టు మీదికొచ్చాడు. ఆమె బిందెలు మోయడం ఎవరో చూసి చెప్పారట.

"జయమణీ, ఆ సాళ్లమీద ఏదో పోసావంట. అదేంటో చెప్పు. చేనంతా కొట్టించేస్తా, ఇక కలుపుకి మనుషులక్కర్లేదు."

మా అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ నెలంతా మా ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ కలుపు పనితోనే.

జయమణి లేచి నడుం సవరించుకుంది. "ముందు మీరు చెప్పండి. నిరుడు నేను పత్తి దాచానా?"

"ఇప్పుడదెందుకు?"

"మందు కావాలంటే చెప్పండి. వీళ్లందరికీ వినపడాలి."

అతను మా వంక చూసి, నేల వంక చూశాడు. "దాచలేదు. నాదే తప్పు," అన్నాడు. అందరం విన్నాం. నా కడుపు చల్లబడింది.

"సరే, మందేంటో చెప్పు మరి."

"చెప్పనండి," అంది జయమణి. "మీ కలుపు మేమే తీస్తాం."

ఆమె మళ్లీ సాలులోకి వంగింది. ఆమె వెనకే మేమూ వంగాం.