బ్రెజిల్ ఇంట్లో అలవిక్క కుదిర్చిన పసుపు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దగ్గర పడిందంటే కేరళలోని మా అరీకోడులో ఇళ్ళకు ఇంటిపేర్లు పోయి పార్టీ పేర్లు మిగులుతాయి. ఇది బ్రెజిల్ ఇల్లు, అది అర్జెంటీనా ఇల్లు. మా నాన్నమ్మను మేము వల్లిమ్మ అంటాం. ఆవిడ బ్రెజిల్ కాబట్టి మా ఇల్లు బ్రెజిల్. టీవీ బాగుచేసే అలవిక్క, అంటే అలవి అన్న, పుట్టుకతోనే అర్జెంటీనా. బాగుచేయడమంటే చెడిపోయినవాటిని కాదు. దుకాణం నుంచి అప్పుడే దిగిన కొత్త టీవీకి బొమ్మ కుదర్చడం ఆయన పని.

కొత్త టీవీకి ఏం రోగమని మొదట్లో ఊరంతా నవ్వింది. దుకాణంలో నలభై టీవీల మధ్య నిలబడి అరవాలి కాబట్టి వాటికి ముఖం నిండా పౌడరు పూసి పంపుతారనీ, ఇంటికి వచ్చాక ఆ పౌడరు కడగాలనీ అలవిక్క చెప్పేవాడు. గడ్డి గడ్డిలా ఉండదు, ప్లాస్టిక్ చాపలా మెరుస్తుంది. ఆటగాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉంటుంది. బంతి వెనక తోక వస్తుంది. ఆయన వచ్చి వెళ్ళిన ఇంట్లో ఆ తోక ఉండదు. అందుకే కప్పు వచ్చే నెలలో ఆయనకు అన్నం తినే తీరిక కూడా దొరకదు.

అంతకు ముందు ఆయనకు పెళ్ళి ఫొటోల స్టూడియో ఉండేది. పెళ్ళికూతుళ్ళను వాళ్ళు ఎలా ఉంటే అలాగే దించేవాడు. తల్లులు వచ్చి, మా అమ్మాయి ఇంత చామనఛాయా అని ఆల్బం తిప్పి కొట్టేవారు. స్టూడియో మూతపడ్డా ఆ గుణం పోలేదు. ఒక్క సొంత ఇంట్లోనే ఆయన మాట సాగలేదు. భార్య రమ్లత్తకు సీరియల్లో చీరలు కళ్ళు జిగేల్మనేలా ఉండాలి. ఆ రిమోట్ ముట్టుకుంటే రాత్రికి గంజే గతి.

ఆ ఏడు వల్లిమ్మ గోడంత టీవీ కొంది. అలవిక్కను పిలుద్దామని మా అమ్మ అంటే, ఇల్లు మొత్తం ఆమె మీద పడింది. బ్రెజిల్ ఆటకు అర్జెంటీనావాడి చేత రంగులు పెట్టిస్తారా అని మా బాబాయి. చివరికి వల్లిమ్మే పిలవమంది. అయితే బ్రెజిల్ చొక్కాల పసుపు మాత్రం పండిన నేంద్ర అరటిపండులా రావాలనీ, రాకపోతే ఊళ్ళో ఏ బ్రెజిల్ గడపా తొక్కనివ్వననీ కబురు పెట్టింది. వల్లిమ్మ మాటంటే మాటే. సగం ఊరు ఆవిడ చెప్పినట్టు వింటుంది. ఆ సగం పోతే అలవిక్కకు ఆ నెల బేరం లేదు, మళ్ళీ నాలుగేళ్ళ దాకా లేదు.

బ్రెజిల్ మొదటి ఆట రోజు, మధ్యాహ్నమే వచ్చాడు. కిటికీలు మూయించాడు. పంచె చెంగుతో తెర తుడిచి, రంగులు కొలిచే జామకాయంత పరికరాన్ని దాని మీదకు వేలాడదీశాడు. తెర మీద బూడిదరంగు చదరం వచ్చింది. అది పోయి ఇంకొంచెం లేత బూడిద వచ్చింది. వీధి సగం మా హాల్లో కూర్చుని గంటసేపు బూడిద చూసింది. ఆట ఎప్పుడు మొదలవుతుందని ఎవరో అడిగితే, తెలుపు కుదరనివ్వండి, తెలుపు కుదిరితే మిగతా రంగులు పెళ్ళి భోజనాల్లో పిల్లల్లా వాటంతటవే పంక్తిలో కూర్చుంటాయి అన్నాడు. నిమ్మకాయ పిండిన సులైమాని చాయ్ తాగుతూ, గడిగడికీ రిమోట్ నొక్కుతూ, తనలో తాను నవ్వుకున్నాడు.

అయిందన్నాక పాత ఆట ఒకటి పెట్టాడు. హాలు హాలంతా ఊపిరి పీల్చుకుంది. గడ్డి మీద వాన తడి కనిపించింది. పసుపు చొక్కాల మడతల్లో నీడలు కనిపించాయి.

వల్లిమ్మ ముందుకు వంగి చూసింది. మళ్ళీ చూసింది.

"ఇదేం పసుపు అలవీ? పచ్చి నిమ్మకాయ."

అలవిక్క పరికరం చూసుకున్నాడు. అంతా సరిగ్గానే ఉంది. మా బాబాయి లేచి నిలబడి, నేను ముందే చెప్పాను, వీడు కావాలనే చేశాడని అందుకున్నాడు. వెనక నుంచి, మావాళ్ళ పసుపుకు కామెర్లు తెప్పించాడని ఒకరు, కామెర్లొస్తే ఇంకా పసుపుగా ఉండాలి కదరా అని ఇంకొకరు. అలవిక్క చెవులు ఎర్రబడ్డాయి. వల్లిమ్మ వైపు తిరిగి, ఒట్టు ఉమ్మా, రంగు దగ్గర నాకు పార్టీ లేదు అన్నాడు. వల్లిమ్మ వినలేదు. సంచి సర్దుకోమంది.

సర్దుకుంటున్నవాడు ఆగాడు. వల్లిమ్మ తలమీది బట్ట జారి ఒక కన్ను మూసుకుపోయినప్పుడు ఆవిడ ముఖం ఒకలా, తీసినప్పుడు ఇంకోలా మారుతోంది. అది నేను వంటింటి తలుపు చాటు నుంచి చూశాను. ఆయనా చూశాడు.

దండెం మీది మా తమ్ముడి బ్రెజిల్ చొక్కా తెప్పించి టీవీ పక్కన పట్టుకున్నాడు.

"ఉమ్మా, ఇది ఏ రంగు?"

"ఇది కూడా నిమ్మకాయే. దీన్నీ పాడుచేశావా నువ్వు?"

"ఒక్క ఎడం కంటితోనే చూడండి."

వల్లిమ్మ కుడి కన్ను మూసింది. తర్వాత ఎడమది మూసింది. మళ్ళీ కుడిది. గోడకు వేలాడే అరటి గెలను చూసింది. ఒక కంటితో గెల పండింది, ఒక కంటితో పచ్చిది. మా అమ్మకు నవ్వు వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. వల్లిమ్మ కుడి కంటికి శుక్లం తీయించి నెల తిరగలేదు. నల్లద్దాలు తీసింది ఆ రోజు ఉదయమే. పసుపు పులిమే ఆ శుక్లం ఎడం కంటికి ఇంకా ఉంది. ఇన్నేళ్ళూ వల్లిమ్మ చూసిన పసుపులో సగం ఆ శుక్లానిదే.

ఇప్పుడు ఆవిడ ఏమంటుందా అని అందరూ చూస్తున్నారు.

"ఆ కళ్ళ డాక్టరుది ఏ పార్టీ?" అంది వల్లిమ్మ.

ఎవరికీ తెలియదు. బాబాయి ఫోన్ చేసి కనుక్కున్నాడు. అర్జెంటీనా.

"చూశారా. అలవి మంచివాడే. దొంగ అక్కడున్నాడు."

రెండో కంటి ఆపరేషను కప్పు అయ్యేదాకా లేదని ఆవిడ అక్కడికక్కడే తేల్చేసింది. బ్రెజిల్ ఆడినప్పుడు ఎడం కన్ను, మిగతావాళ్ళు ఆడినప్పుడు కుడి కన్ను. అలవిక్కను చేయి పట్టి ముందు వరుసలో, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. బియ్యప్పిండి పత్తిరి రొట్టెలూ, కోడికూరా వచ్చాయి.

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. ఇంట్లో పట్టనివాళ్ళ కోసం కిటికీలు తెరిచారు. బయట చూసేవాళ్ళలో అర్జెంటీనా పెద్ద మొయ్దీన్ కోయ కూడా ఉన్నాడు. ఆయన వచ్చింది బ్రెజిల్ ఓడితే చూడాలని. మరునాడు అలవిక్క వెళ్ళాల్సింది ఆయన ఇంటికే.

గోలు పడింది. పసుపు చొక్కాలన్నీ జెండా మూల దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డాయి. ఒక్కో చొక్కా ఒక్కో పసుపు, చెమటతో ముదిరింది ఒకటి, ఎండలో మెరిసేది ఒకటి. ఇల్లు ఎగిరిపడింది. అందరితో పాటు అలవిక్కా లేచాడు. లేవడమే కాదు, చేతులు రెండూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే కిటికీ దగ్గర కోయ ముఖం కనిపించింది. చేతులు గాల్లోనే ఆగాయి.

"అలవీ, ఏంటది?"

"గోలుకు కాదు కోయ ఇక్కా. రంగుకు. ఆ మడతలు చూశారా, ఆ..."

"రేపు మా ఇంటికి రానక్కర్లేదు."

"వాణ్ణేమీ అనకు కోయా, వాడిప్పుడు మావాడు" అంది వల్లిమ్మ, కుడి కన్ను మూసుకునే.

అలవిక్క తల పట్టుకున్నాడు. కాదు ఉమ్మా అంటాడు, కోయ ఇక్కా నా మాట వినండి అంటాడు, ఎవరూ వినే స్థితిలో లేరు. చివరికి సంచి చంకన పెట్టి జనం కాళ్ళ మీదుగా కిటికీ దాకా వెళ్ళి, ఇప్పుడే వస్తాను పదండి, మీ అర్జెంటీనా నీలం దీనికన్నా బాగా రాకపోతే నన్ను ఊళ్ళోంచి తరిమేయండి అన్నాడు.

కోయ కాసేపు ఆయన్ను చూశాడు. తర్వాత తెర మీది పసుపును ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"పద అయితే. దీనికన్నా బాగా రావాలి."

అలవిక్క కిటికీ దూకి ఆయన వెనకే పరుగెత్తాడు, ఒక కాలికే చెప్పుతో.