ఎడమకాలి ఈడ్పు

నియె షౌజెంగ్‌కి డెబ్బై నాలుగేళ్ళు. అందులో యాభై తొమ్మిదేళ్ళు ఒక్క మాట దాచుకోవడంతోనే సరిపోయింది. మనిషి మూగవాడేం కాదు, రేగుపళ్ళ బేరానికి దిగితే సంతంతా మారుమోగుతుంది. ఆ ఒక్క మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

వాళ్ళింటి యుద్ధవిద్యను త్సాంగ్‌జౌ చుట్టుపక్కల ‘నియె వారి ఈడ్పు’ అంటారు. మూడడుగులకోసారి ఎడమకాలు నేలకు రాసుకునేలా ఈడ్చి, ఆపైన పిడికిలి విసరాలి. ఆ ఈడ్పులో ఏదో మర్మముందని నాలుగు తరాల శిష్యులు నమ్మారు. పెద్ద శిష్యుడు కౌ దెషున్ అయితే దాని మీద నలభై పేజీలు రాసి కూర్చున్నాడు.

షౌజెంగ్ పదిహేనో ఏట, రొట్టెలు కాలుస్తూ నాయనమ్మ అనేసింది: "మర్మమూ లేదు, మన్నూ లేదు. మా మామగారి మోకాలి మీంచి ఉప్పుబండి చక్రం పోయిందిరా. ఆయన కుంటుతూ నేర్పాడు, కొడుకులు కుంటుతూ నేర్చుకున్నారు."

చెప్పేద్దామనుకున్నప్పుడల్లా ఎవడో ఒకడు వచ్చి, మూడుసార్లు నేలకు తల ఆనించి శిష్యుడయ్యేవాడు. అలా నమ్మి వచ్చినవాడితో ఏమని చెబుతాడు? దాచీ దాచీ ప్రాణం విసిగిపోయింది.

ఈ వసంతంలో జిల్లా కార్యాలయం వాళ్ళు విద్య పుట్టుక, గురుపరంపర రాసి పంపమన్నారు. గుర్తింపు వస్తేనే బడి నిలుస్తుంది. దెషున్ కాగితం పట్టుకొచ్చాడు.

"ఇక్కడ ముద్ర కొట్టండి గురువుగారూ."

"మా ముత్తాతకి నేర్పిన ఈ కొండమీది సన్యాసి ఎవర్రా?"

"ఎవరో ఒకరు లెండి. పక్కూరి వాళ్ళు ఏకంగా సేనాపతినే తెచ్చి పెట్టుకున్నారు. మనకి ఓ సన్యాసైనా లేకపోతే ఎలా?"

"ఈడ్పు కూడా ఆయనే నేర్పాడని రాశావే!"

"మరి అంతటి విద్య ఊరికే పుడుతుందా?"

ఎర్రసిరా అద్దిన ముద్ర షౌజెంగ్ చేతిలోనే ఆగిపోయింది. ఇది కొడితే అబద్ధం తన పేరు మీదే ఉండిపోతుంది. ముద్ర పక్కన పెట్టి, చక్రం సంగతి, మోకాలి సంగతి మొత్తం చెప్పేశాడు.

దెషున్ చేయి తన ఎడమ మోకాలి మీదికి పోయింది. పోయినేడే దానికి ఆపరేషన్ అయింది.

"నేను మీకు మొక్కిన రోజుకే మీకిది తెలుసా?"

"తెలుసు నాయనా."

"ముప్పై ఒక్క ఏళ్ళు, గురువుగారూ."

షౌజెంగ్ సిగ్గుతో తల దించుకున్నాడు. దెషున్ కాగితం మడిచి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కళ్ళంలో ఇరవై మంది వరసగా నిలబడి ఉన్నారు. ముందు దెషున్.

"ఈడ్చండి! ఇంకా కిందికి! మర్మమంతా అక్కడే ఉంది!" అని అరుస్తున్నాడు. గురువు వైపు మాత్రం చూడలేదు.

షౌజెంగ్ గట్టు మీద కూలబడ్డాడు. బరువు దించుకుందామనుకుని ఇంకొకడి నెత్తిన పెట్టాడు. నాయనమ్మ నుంచి తనకి, తన నుంచి దెషున్‌కి. ఆ ఇంటి పరంపరలో పొల్లుపోకుండా చేతులు మారింది ఇదొక్కటే.