పదివేల అడుగుల ఎత్తున పాసైన తీర్మానం

మీరు అబద్ధాలకోరులు. కొండ మీద గైడ్ వచ్చి "తలనొప్పి ఉందా?" అని అడిగితే, నుదురు పగిలిపోతున్నా "అబ్బే, ఏం లేదు" అనే బాపతు మీరు. ఆఫీసులో జ్వరం దాచుకుని పనిచేసే ఆ రోగాన్నే బ్యాగులో పెట్టుకుని హిమాలయాలకు మోసుకెళ్తారు. తిట్టే హక్కు నాకెక్కడిదంటారా? ఈ జూన్‌లో నేనూ అదే పని చేశాను. పైగా దానికి చేతులెత్తించి ఓటింగు కూడా పెట్టాను.

మాది గుండ్లపోచంపల్లిలో ఒక కాలనీ. సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. పార్కు స్థలం కోసం రెండేళ్లు కొట్లాడి గెలిచాం. ఆ గెలుపు ఊపులో ఎవరో "ఇక హిమాలయాలకే పోదాం" అంటే ఎనిమిది మందిమి పేర్లిచ్చేశాం. నాలుగు ఆదివారాలు కీసరగుట్ట ఎక్కి దిగాం, దిగిన ప్రతిసారీ మిర్చి బజ్జీలు తిన్నాం, కొండలంటే ఇంతే కదా అనుకున్నాం. మేం ఎంచుకున్నది మనాలి దగ్గరి హంప్టా పాస్ అనే కొండ కనుమ. తెల్లవారుజామున లోకల్ రైలును నమ్ముకోకుండా సికింద్రాబాద్‌కు ఆటోలు మాట్లాడుకున్నాం. ఢిల్లీ దాకా రైల్లో ఒక రోజు పైనే పడుతుంది. అక్కడ సాయంత్రం బస్సెక్కితే మనాలికి పద్నాలుగు గంటలు. రానూపోనూ అన్నీ కలిపి మనిషికి పాతిక వేలు దాటింది. మనాలిలో ఒక రాత్రి పడుకుని, పొద్దున తొమ్మిదికి జీపులో జోబ్రాకు, అక్కడి నుంచి మూడు గంటల నడకతో చీకా క్యాంపుకు చేరాం. ఎత్తు దాదాపు పదివేల అడుగులు.

మర్నాడంతా చీకాలోనే ఉండాలి. పొద్దున కొంచెం పైకెక్కి, మళ్లీ కిందికొచ్చి పడుకోవాలి. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడటానికి ఆ రోజు. గైడ్ రోషన్ ఈ మాట చెప్పగానే ప్రసాదరావుగారు లేచారు. ఆయనది గుంటూరు వైపు, బ్యాంకులో అధికారి, మా వీధిలోనే ఇల్లు.

"సోమవారం ఆడిటండీ సెక్రటరీగారూ. ఈ ఒక్కరోజూ ఎగ్గొడితే నేను ఆదివారానికల్లా ఇంట్లో ఉంటాను. ఊరికే టెంటులో కూర్చోడానికా ఇంత దూరం వచ్చింది?"

నాకు అన్యాయం ఎక్కడున్నా వాసనొస్తుంది. లేనిచోట కూడా వస్తుందని నా భార్య అంటుంది. ఇది రోజులు పెంచి బిల్లు లాగే ట్రెక్కింగ్ కంపెనీ ఎత్తుగడ అని పది నిమిషాలు ప్రసంగించాను. మేడ్చల్‌లో మోటార్ వైండింగ్ షాపు నడిపే యాదగిరి ఒక్కడే అడ్డం పడ్డాడు.

"అన్నా, కొత్తగ చుట్టిన మోటర్‌కు ఎంటనే లోడ్ ఇస్తమా? కొంచెంసేపు ఖాళీగ తిప్పి సూస్తం. లేకుంటే కాలిపోతది. మనిషి గంతే గద."

"ఏంది యాదగిరీ, నువ్వు కూడా కంపెనీ దిక్కేనా?" అన్నాను.

ఓటింగు పెట్టాం. విశ్రాంతి వద్దన్నవాళ్లు ఆరుగురు, కావాలన్నవాళ్లు యాదగిరి, అతని భార్య లలిత. రోషన్ ఎంత చెప్పినా వినలేదు. పాస్ దాటకుండా బృందం వెనక్కొస్తే కంపెనీ అతని కూలి కోస్తుందట. మరీ పట్టుబడితే మేం అలిగి వెనక్కి పోతామని భయపడి చివరికి తగ్గాడు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. జీవితమంతా కూలీల పక్షాన అరిచినవాణ్ణి, ఆ పూట యజమాని గొంతుతో అరిచాను.

మర్నాడు ఎనిమిదికి బయల్దేరాం. మధ్యాహ్నానికి నా తలలో పెళ్లి బ్యాండు మొదలైంది. రెండున్నరకు తర్వాతి క్యాంపు బాలూ కా ఘేరా చేరాం. ఎత్తు పన్నెండు వేలకు కాస్త తక్కువ. మాతో వచ్చిన వంటాయన వేడి సూప్ ఇచ్చాడు, నా నోటికి గ్లాసు అంచు కూడా సహించలేదు. రోషన్ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. ఆరుగురం ఒకే మాట మీద నిలబడ్డాం: "సూపర్." పార్కు ఉద్యమంలో కూడా మాకు అంత ఐక్యత లేదు.

కాసేపటికి టెంటు వెనక్కి వెళ్తే ప్రసాదరావుగారు రాయి పట్టుకుని వాంతి చేసుకుంటున్నారు. లేచి రెండడుగులు వేస్తే మూడోది పక్కకు పడింది.

"ఎవరికీ చెప్పకండి. మీకు పుణ్యముంటుంది. తీర్మానం పెట్టించింది నేనే కదండీ, పరువు పోతుంది" అన్నారు. మాట ముద్దగా వస్తోంది.

నిజం చెప్తున్నాను, ఒక నిమిషం ఆగాను. చెప్తే పోయేది ఆయన పరువొక్కటే కాదు, నాది కూడా. ఈలోగా నీళ్ల సీసాతో యాదగిరి వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏందన్నా, గిది గూడ ఓటింగుకు పెడ్తవా?"

రోషన్‌ను కేకేశాను. వాంతి సంగతీ, నా తలనొప్పి సంగతీ చెప్పేశాను. రోషన్ నేల మీద గీత గీసి నడవమంటే ప్రసాదరావుగారు గీతను అటూ ఇటూ కుట్టినట్టు నడిచారు. "ఇప్పుడే దిగాలి" అన్నాడు రోషన్. నాలుగయింది, వెలుతురు బాగానే ఉంది. అందరం దిగడం మొదలుపెట్టాం.

"అసలు మీటింగు లేకుండా... కోరం లేకుండా ఎలా దించుతారండీ?" దారంతా ప్రసాదరావుగారి గొణుగుడు.

"నీ కోరం తగలెయ్య, అడుగు సూస్కొని ఎయ్యి సార్," అంటూ యాదగిరి ఆయన భుజం వదలలేదు.

చీకా క్యాంపుకు చేరేసరికి ఏడు కావస్తోంది. అప్పటికి ఆయన నడక తిన్నగా అయింది. కూర్చోగానే "పెరుగుందా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మర్నాడంతా అక్కడే పడుకున్నాం. తిరుగు టికెట్లకు రోజుల్లేక పాస్ దాటకుండానే వెనక్కొచ్చాం. యాదగిరికీ, లలితకూ చిన్న తలనొప్పి కూడా రాలేదు. విశ్రాంతి కావాలన్న ఆ ఇద్దరూ మా ఓటు వల్లే మంచును చూడలేకపోయారు. క్షమించమని అడిగితే లలిత అంది: "మనిషి దక్కిండు, సాలు. కాలనీల నీళ్లకు ఓటు పెట్టన్నా. ఈడ వద్దు."

ఓటు మీద నాకు నమ్మకం పోలేదు. కానీ ఆరుగురం కలిసి ఒకరి ప్రాణం మీద తీర్మానం చేశామంటే అది ప్రజాస్వామ్యం కాదు, గుంపు. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తలనొప్పి ఉన్నంతసేపు ఇంకా పైకి వెళ్లకండి, అది పెరిగినా అడుగు తడబడినా అప్పుడే కిందికి దిగండి.

ఇక నా డిమాండ్లు:

ఒకటి, విశ్రాంతి రోజును ఎవరూ, ఏ మెజారిటీతోనూ రద్దు చేయకూడదు.

రెండు, బృందం మధ్యలో వెనక్కొచ్చినా గైడ్‌కూ వంటాయనకూ పూర్తి కూలి ఇవ్వాలి.

మూడు, టికెట్లు కొనేటప్పుడే రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి. సెలవు ఇవ్వకపోతే ప్రయాణం మానుకోవాలి.

నాలుగు, గైడ్ అడిగినప్పుడు నిజం చెప్పాలి.