దిగినోడే బాగుచేయాల

మా సైకిల్ గుంపులో ఒక కట్టుబాటు ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు ఎవరు ఎక్కడ సైకిల్ మీంచి కాలు కింద పెడితే, ఆ చోటును వాళ్లే బాగుచేయాలి. కంకర మీద చక్రం జారి దిగినవాడు ఆ కంకర ఊడ్చాలి. ముళ్లకంపకు జంకి దిగినవాడు ఆ కంప కొట్టాలి. వాన కోసిన గాడిలో ఇరుక్కున్నవాడు నీళ్లు పక్కకు మళ్లేలా చిన్న కాలువ తీయాలి. నెలకొక ఆదివారం సైకిళ్లు కింద వదిలి, పారలూ కొడవళ్లూ పట్టుకుని నడిచిపోతాం. “దిగినోడే బాగుచేయాల” అని ఈ పద్ధతి పెట్టింది మా అందరిలో పెద్దవారైన సారు. నంద్యాలలో ఒక బడిలో సైన్సు చెబుతారు. ఆదివారం తెల్లవారుతూనే మాతో గుట్టెక్కి, దిగి, స్నానం చేసి చర్చికి పోతారు. ఆలస్యమైతే మోచేతుల మట్టితోనే పోతారు.

ఆ గుట్ట నంద్యాల నుంచి బేతంచెర్ల పోయే దారిలో ఉంది. రోడ్డు మీద ఎప్పుడూ నాపరాళ్ల లారీలు. రోడ్డు దిగితే మేకలు నడిచి నడిచి చేసిన సన్నటి బాట. దాన్నే కొద్దికొద్దిగా సరిచేసుకుంటూ చక్రం పోయేలా చేసుకున్నాం. పైకి చేరితే కుందూ నది మైదానమంతా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. వరిమళ్ల అవతల నల్లమల నీలంగా నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు ఎక్కినా ఆ చివరి మలుపు తిరగ్గానే నాకు మాట ఆగిపోతుంది.

ఆ మలుపుకు ముందే బాటకు అడ్డంగా ఒక రాతి మెట్టు ఉండేది. మోకాలెత్తు. మాలో ఎవరమూ కాలు పెట్టకుండా దాన్ని ఎక్కినవాళ్లం కాదు. ముందు చక్రం లేపి పైన పెట్టేవాళ్లం. వెనక చక్రం అంచుకు తగిలి నిలిచిపోయేది. మా కట్టుబాటు ప్రకారం అందరమూ దిగినవాళ్లమే కాబట్టి దాన్ని బాగుచేయాలని ఒకసారి నేనే వాదించాను. సారు ఒప్పుకోలేదు.

“కంకర జారితే తప్పు బాటది. రాయి ఎక్కలేకపోతే తప్పు నీ కాళ్లది. కాళ్లు బాగుచేసుకోప్పా,” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే కనబడ్డాను.

ఆ మెట్టు మీద సారుకు పంతం కాదు, ప్రేమ ఉండేది. ఎక్కే ముందు దిగి దాని అంచును చేత్తో తడిమి చూసుకునేవారు. మోకాలు అరిగిపోయిందని, ఆపరేషన్ చేయించుకోక తప్పదని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత సైకిల్ మీద గుట్టలెక్కడం కుదరదన్నాడు. వేసవి సెలవుల్లో చేయించుకుంటానని సారు వాయిదా వేశారు. ఈలోగా ఆ మెట్టు ఒక్కసారి కాలు పెట్టకుండా ఎక్కాలి. అంతే ఆయన కోరిక. మా అందరికీ తెలుసు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆయన దాదాపు ఎక్కేశారు. వెనక చక్రం అంచును పట్టింది. సైకిల్, మనిషి, ఒక్క ఊపిరి సేపు పైనా కిందా కాకుండా నిలబడ్డారు. నొప్పికి పళ్లు బిగించిన ఆ ముఖంలో పండగ కనబడింది. తర్వాత కాలు జారి నేలకు తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సీసా తీసి నీళ్లు తాగాను.

నాకు నంద్యాలలో విత్తనాల అంగడి ఉంది. ఆయనకన్నా పన్నెండేళ్లు చిన్నవాణ్ని, నా సైకిల్ ఆయనదానికన్నా చాలా మంచిది. ఆ మెట్టు దగ్గర ముందు చక్రం కూడా సరిగా పైకి లేపలేను. ఆ పొద్దు ఇంటికి వస్తూ, వచ్చే వారమో ఆ పై వారమో ఆయన ఎక్కేస్తారని లెక్కవేసుకున్నాను. అది జరగకూడదని అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అనుకున్నది అదే.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే మిత్రుడు ఒకతను మాతోనే తొక్కుతాడు. అతని దగ్గరికి పోయి గడ్డపార, పెద్ద సుత్తి అడిగాను.

“ఏం చెక్కుతాండావన్నా, అంగడి ముందర నీ బొమ్మా?” అన్నాడు.

ఇంటి వెనక పాత గోడ తీయాలని చెప్పాను.

మరుసటి పొద్దున అంగడి తెరవకుండా ఒక్కణ్నే గుట్టెక్కాను. మెట్టు పైరాయి కింద సన్నటి చీలిక ఉంది. గడ్డపార మొన అందులో దిగగొట్టాను. చాలాసేపు ఏమీ కదల్లేదు. చొక్కా తడిసిపోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి లోపలెక్కడో పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఆ బండ మొత్తం పలకలా లేచి, నా పక్కనుంచి జారి, కంపలోకి దొర్లిపోయింది.

మెట్టు లేదు. దాని చోట ఏటవాలుగా కింది పొర మాత్రం ఉంది. ఎర్రటి దుమ్ము పట్టి ఉంటే కూర్చుని చేత్తో తుడిచాను. అరచేతికి గీతలు తగిలాయి. ఉలితో చెక్కినవేమో అనుకున్నాను. తువ్వాలుతో దులిపి చూశాను. ఎండ ఇంకా పక్కవాటుగా పడుతోంది. ఆ వెలుగులో వరసలు వరసలుగా, ఆవు అంగిలిలాగా, రాయంతా ముడతలే. ఒక వరస రెండుగా చీలి, మళ్లీ ఒకటై, పక్కదానిలో కలిసి పోతోంది.

చెక్కినవి కావు. వాటిని నేను ఎరుగుదును. కుందూ వరద తీసిన మరునాడు ఒడ్డు ఇసుకలో ఉండేవి అవే. చిన్నప్పుడు వాటి మీద ఉత్తకాళ్లతో పరుగెత్తినవాణ్ని. ఇది నీళ్లు చేసిన పని. ఈ గుట్ట ఒకప్పుడు ఇసుక. దీని మీద నీళ్లు ఊగేవి.

సుత్తి కింద పెట్టాను. ఆ పూట ఆడిన నీళ్లను చూడటానికి మనిషి లేడు, మేక లేదు, గడ్డిపరక కూడా లేదేమో. ఆ మెత్తటి ఇసుక మీద ఇంకో పొర పడి మూసుకుపోయాక, మళ్లీ దాని మీద ఎండ పడటం ఇదే మొదలు. చూసింది నేను. అసూయతో గడ్డపార పట్టుకుని వచ్చిన నేను. తాకడానికి భయమేసింది. లేచి మైదానం వైపు చూశాను. ఆ వెడల్పంతా నీళ్లతో నిండి, కదులుతూ కనబడింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఎవరికీ చెప్పలేదు. ఆదివారం అందరితోపాటు ఎక్కాను. మెట్టు దగ్గరికి రాగానే ముందున్న సారు ఆగిపోయారు. వెనకవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఆళ్లగడ్డ మిత్రుడు రాతి మీది తెల్లటి దెబ్బలు చూసి, “గోడన్నావు గదన్నా,” అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు నేను అబద్ధం ఆడాను. “మీ మోకాలి కోసమే సార్. ఇప్పుడు సులువుగా ఎక్కొచ్చు.”

“నా మోకాలు నిన్ను అడిగిందా?” అన్నారు సారు.

ఆయన సైకిల్ పడుకోబెట్టి ముందుకు వచ్చారు. అంచు ఉండిన చోట అలవాటుగా చేయి చాచారు, అక్కడ ఏమీ లేదు. అప్పుడే కింది పొర కంటబడింది. హెల్మెట్ తీసేశారు. నొప్పి మోకాలిని పక్కకు చాపుకుని నేల మీద కూలబడ్డారు. ఒక్కొక్క గీత మీద వేలు పెట్టి పోనిచ్చారు. ఏళ్ల తరబడి పిల్లలకు రాళ్ల గురించి పాఠం చెప్పిన మనిషికి కళ్లు తడిశాయి. మేమందరం చుట్టూ చేరి చెప్పులూ బూట్లూ ఆనకుండా దూరంగా నిలబడ్డాం.

చాలాసేపటికి ఆయన నా వైపు తిరిగారు. “ఇది చూపిచ్చినావని నిన్ను ఇడిచిపెట్టాల్నా?”

“వద్దు సార్,” అన్నాను.

ఒకతను, ఇప్పుడు ఏటవాలుగా ఉంది కదా, ఆపరేషన్‌కు ముందు ఒక్కసారి ఎక్కేయండి సార్ అని బతిమాలాడు. సారు ఆ రాతిని కింది నుంచి పైదాకా చూశారు. ఆయన తలుచుకుంటే రెండు తొక్కుల్లో ఎక్కిపోయేవారు. మేమందరం దాని కోసమే ఎదురుచూస్తున్నామని ఆయనకు తెలుసు.

“నేను ఎక్కల్లనుకున్న మెట్టు పాయ,” అన్నారు. “దీని మీద నా టైరు గుర్తు ఎందుకప్పా? పక్కన బాట తీయండి.”

కింది నుంచి పారలు తెప్పించుకుని ఆ పొద్దే మొదలుపెట్టాం. గుట్ట వాలును కోసి, రాతిని చుట్టి పోయే కొత్త బాట. నేను తవ్వుతుంటే సారు కూర్చుని గులకరాళ్లు ఏరి అందిస్తున్నారు. మిగతావాళ్లు కొంచెం ఎడంగా ఉన్నప్పుడు నిజం చెప్పేశాను. మోకాలి కోసం కాదు, మీరు ఎక్కేస్తారన్న అసూయతో చేశానన్నాను.

“తెలుసు. ఆ పొద్దు అందరూ చప్పట్లు కొడితే నువ్వు నీళ్లు తాగుతాంటివి,” అన్నారు. ఇంకో రాయి అందించారు.

సెలవుల్లో ఆయనకు ఆపరేషన్ అయింది. సైకిల్ అమ్మలేదు కానీ ఇక తొక్కరు. కర్ర పట్టుకుని నడవగలిగాక, మొన్న వానలు తగ్గినప్పుడు గుట్టెక్కాలన్నారు. మధ్యలో ఎన్నోచోట్ల ఆగుతూ ఎక్కాం. ఆ రాతి దగ్గర కూర్చుని నన్ను దాని మీద నీళ్లు పోయమన్నారు. సీసా వంచాను. నీళ్లు గీతల్లో నిండి, ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకి, ఎండకు మెరుస్తూ నిలిచాయి. రాయి ఇప్పుడే తడి ఇసుక అయినట్టుంది. సారు వంగి, ప్రతి ముడతకూ ఒక పక్క వాలుగా, ఇంకో పక్క నిటారుగా ఉండటం చూపించారు.

“వాలు పక్కనుంచి వచ్చి నిటారు పక్కకు పోయినాయి నీళ్లు. ఇట్నుంచి ఇట్ల. సూడు, ఇంగా పోతాండట్లే ఉంది.”

మేమిద్దరం ఆ దిక్కుకే చూస్తూ కూర్చున్నాం. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది, ఖాళీ సీసాకు మూత బిగించాను. ఎండ ముదిరింది. గీతల్లో నీళ్లు ఆరిపోతున్నాయి. నేను లేచి చేయి అందించాను. ఆయన దాన్ని చూశారు, పట్టుకోలేదు. ఆ అలల మీద అరచేయి ఆనించి, తనంతట తనే లేచారు.