కారు కడుపులో దాగిన బైకు

2023 ఎండాకాలం. జగ్గయ్యపేటలో, హైవే దిగి ఊళ్లోకి తిరిగే రోడ్డు పక్కన నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. మేం ఇంజను జోలికి పోము. బండిలో వైరు ఎంతవరకు పోతే మా పని అంతవరకు. హారను, లైట్లు, సెల్ఫ్ స్టార్టరు, బ్యాటరీ, బండి వెనక్కి వచ్చేటప్పుడు మోగే రివర్స్ హారను. ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు తిరిగే లారీలే మాకు అన్నం పెడతాయి. లారీ డ్రైవర్లకు చప్పుడు ఎంత ఎక్కువుంటే అంత ఇష్టం. నేను బిగించిన ఎయిర్ హారను పేటలో కొడితే నందిగామలో గేదెలు రోడ్డు దిగి నిలబడతాయని చెబుతుంటాను. నందిగామ వాళ్లెవరూ ఇంతవరకు కాదనలేదు. గేదెలను ఎవరూ అడగలేదు.

ఆ ఎండల్లో ఒకరోజు నా షాపు ముందు ఒక కారు వచ్చి ఆగింది. వచ్చినట్టు నాకు తెలియనే లేదు. కింద కూర్చుని లారీ లైటుతో కుస్తీ పడుతున్నవాణ్ని, తలెత్తేసరికి తెల్లకారు ముక్కు నా మోకాలి దగ్గరుంది. ఎలక్ట్రిక్ కారు. అందులోంచి ముప్పై దాటిన కుర్రాడు నవ్వుతూ దిగాడు. పేరు రవికిరణ్. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు.

"బాబాయ్, దీనికి చప్పుడు పెట్టాలి."

"హారను పాడైందా?"

"హారను బానే ఉంది. బండికే పెట్టాలి. ఇంటి దగ్గరకొచ్చేసరికి బైకు చప్పుడు రావాలి."

సైలెన్సరు చప్పుడు విని పోలీసులు పట్టుకున్నారని ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను గానీ, లేని చప్పుడు తెచ్చిపెట్టమని వచ్చినవాణ్ని అదే మొదలు చూడడం.

"అంత పోసి కారు కొని బైకు చప్పుడేంది నాయనా? పెళ్లికి సూటేసుకుని కాళ్లకు హవాయి చెప్పులేసుకున్నట్టు!"

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాళ్ల పాపకు నాలుగేళ్లు నిండబోతున్నాయి. పేరు లాస్య. అంతకుముందు అతనికో పాత బైకు ఉండేది. సైలెన్సరుకు చిల్లు పడి, వీధి మలుపులోనే తెలిసిపోయేదట, వస్తున్నది ఎవరో. పాప చేతిలో ఏముంటే అది పడేసి గేటు దగ్గరకు పరుగెత్తేది. ఇంజను ఆపేముందు ఇతను యాక్సిలరేటరు రెండుసార్లు తిప్పేవాడు, డుర్ర్, డుర్ర్ అని. గేటుకు అవతలనుంచి పాప కూడా నోటితో డుర్ర్, డుర్ర్ అనేది. అప్పుడుగానీ గేటు తెరుచుకునేది కాదు.

"ఇప్పుడు కారు చప్పుడు లేకుండా లోపలికి పోద్ది. నేను పోయి పక్కన కూర్చున్నా అది టీవీలోంచి తల తిప్పదు. దాని లెక్కలో నేను ఇంటికి రావడమే లేదు బాబాయ్, ఎప్పుడూ ఇంట్లో ఉండేవాణ్నే!"

అతను నవ్వుతూనే చెప్పాడు. కానీ ఆ నవ్వు వెనక చిన్న ఉక్రోషం ఉంది. కారు మీద ప్రేమ లేక కాదు. ఆదివారాలు ముగ్గురూ విజయవాడ వెళ్తారట. దారిపొడవునా చార్జింగ్ ఎంతుందో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు అడుగుతూనే ఉంటారట. అది విని పాప, నిద్రొస్తే "నాన్నా, నాకు టెన్ పర్సంటే ఉంది" అంటుందని మురిసిపోయాడు.

ఈ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎలక్ట్రిక్ కారు నెమ్మదిగా పోతున్నప్పుడు దాదాపు వినపడదు. నడిచేవాళ్లకు తెలియడం కోసం కొన్నిటికి కంపెనీవాళ్లే సన్నటి చప్పుడు పెడతారు. దాన్ని ఏవీఏఎస్ అంటారు. ఈ కారుకు అది లేదు. మేం పెట్టాలంటే ముందు బంపరు వెనక చిన్న స్పీకరు, చప్పుడు దాచుకునే మాడ్యూల్ అనే డబ్బా, రెండూ కావాలి. బండిని నడిపే పెద్ద బ్యాటరీ నుంచి వచ్చే ఆరెంజ్ కేబుళ్లను చేత్తో తాకకూడదు, అవి ప్రాణాలు తీస్తాయి. లైట్లకూ హారనుకూ ఎలక్ట్రిక్ కారులోనూ మామూలు చిన్న బ్యాటరీ ఉంటుంది. మన కరెంటు దాన్నుంచే, కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకుండా తీసుకోవాలి.

ఇక చప్పుడు సంగతి. బైకేమో చిల్లకల్లులో ఒక మిరపరైతుకు అమ్మేశాడు. ఇద్దరం కారులో పోయాం. మేం బైకు చుట్టూ తిరుగుతూ సెల్‌ఫోను సైలెన్సరు దగ్గర పెడుతుంటే ఆ రైతు అనుమానంగా చూశాడు.

"తిరిగి అడగడానికొచ్చారా ఏంటి? ఇచ్చేది లేదు."

"బండి మీదే అన్నా. చప్పుడొక్కటే తీసుకెళ్తాం" అన్నాడు రవికిరణ్.

"అట్టా అయితే మొత్తం తీసుకుపోండి. దాని దెబ్బకి మా ఆవిడ నన్ను ఇంటి ముందు బండాపనీయట్లా!"

రవికిరణే కూర్చుని బైకు నడిపాడు, ఆపాడు, ఆపేముందు రెండుసార్లు తిప్పాడు. నేను రికార్డు చేశాను. కారు వేగం తగ్గగానే ఆ చప్పుడు మొదలై, ఆపి గేరు పార్కులో వేయగానే చివర్లో ఆ రెండు డుర్ర్‌లూ వచ్చేలా సర్దడానికి నాకు రెండు రోజులు పట్టింది.

బిగించాక వాళ్లింటికి నేనూ వెళ్లాను, పని ఎలా పలుకుతుందో చూడాలిగా. కారు వీధి మలుపు తిరిగిందో లేదో, లోపల ఏదో స్టీలు గిన్నె కింద పడిన మోత. పాప గేటు దగ్గరకొచ్చేసింది. వెనకే ఆమె తల్లి మాధవి, నాయనమ్మ సుభద్రమ్మ. డుర్ర్, డుర్ర్. పాప బదులు పలికింది. తర్వాత కారు చుట్టూ తిరిగి బైకు కోసం వెతికింది. వాటమైన అబద్ధం దొరికితే నేను వదలను. బానెట్ మీద తట్టి చెప్పాను.

"బైకు దీని కడుపులో దాక్కుందమ్మా. మీ నాన్నను వదిలి ఉండలేనని ఏడిస్తే, కారు జాలిపడి లోపల చోటిచ్చింది."

"బయటికి రాదా తాతా?"

నాకింకా యాభై నిండలేదు. తాత అన్నందుకు క్షమించాను.

"రాదు. సిగ్గు దానికి."

పాప లోపలికి పోయి బిస్కెట్ తెచ్చి బానెట్ మీద పెట్టింది. మాధవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బాబాయ్‌గారూ, ఇక రోజూ దీనికి పాకెట్లు పాకెట్లు కొనాలి నేను" అంది. ఆ వీధిలో అందరూ దాన్ని బిస్కెట్ల బండి అని పిలిచేవారని తర్వాత తెలిసింది.

ఏడాది దాటింది. వానాకాలం. ఫ్యాక్టరీ లారీ డ్రైవరొకడు నా షాపులో కూర్చుని, "మీరు బైకు చప్పుడు పెట్టిచ్చారే, ఆ ఇంజనీరు సారు, డ్యూటీలోనే గుండెపోటంట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందంట" అన్నాడు. నేను వెళ్లి వచ్చాను. ఆ ఇంట్లో, షెడ్డులో ఉన్న కారు వైపు చూస్తూ కాసేపు నిలబడి వచ్చేశాను.

కొన్ని నెలలకు ఆ తెల్లకారు మళ్లీ నా షాపు ముందుకు వచ్చింది. ఈసారి వస్తున్నట్టు తెలిసింది. వీధి చివర్నుంచే చిల్లు సైలెన్సరు పాట. ప్లయరు పక్కన పెట్టి లేచాను. డుర్ర్, డుర్ర్. మాధవి దిగింది.

ఆమె నందిగామలో ఒక స్కూల్లో టీచరు. అంతకుముందు బస్సులో వెళ్లేది. ఇప్పుడు పాప ఇంట్లో ఎదురుచూస్తుందని త్వరగా చేరడానికి కారులో వెళ్లి వస్తోంది. డ్రైవింగ్ భర్తే నేర్పాడు.

"దీని చప్పుడు తీసేయాలి బాబాయ్‌గారూ."

"ఏమైందమ్మా?"

"అత్తయ్య పాపకి, నాన్న ఊరెళ్లాడని చెప్పారు. సాయంత్రం నేను మలుపు తిరగగానే అది గేటు దగ్గరకు వస్తుంది. నాన్నొచ్చాడని అరుస్తుంది. ఆ రెండు చప్పుళ్లకీ బదులు పలుకుతుంది. తలుపు తీసి నేను దిగుతా." ఆమె కారు తాళాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "రోజూ కారులోంచి దిగింది నేనని నా కూతురు ఏడుస్తుందండి."

నాకు వెంటనే పనితనపు బుద్ధి పుట్టింది. "చిన్న స్విచ్ పెడతానమ్మా. కావాల్సినప్పుడు వేసుకోవచ్చు, వద్దంటే ఆపేయొచ్చు."

"స్విచ్ ఉంటే నేను వేస్తా బాబాయ్‌గారూ. నా సంగతి నాకు తెలుసు. మొత్తం తీసేయండి."

ఇంటి దగ్గరే తీస్తానన్నాను. ఆదివారం పొద్దున సామాను సంచి పట్టుకుని వెళ్లేసరికి సుభద్రమ్మగారు కారు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"తమ్ముడూ, దాని మీద చెయ్యెయ్యకు."

"అత్తయ్యా, రాత్రి అంతా మాట్లాడుకున్నాం గదా" అంది మాధవి.

"నువ్వు మాట్లాడావు, నేను విన్నా. నా కొడుకు చేతుల్తో తిప్పిన చప్పుడది. సాయంత్రం అది వినపడితే ఒక్క క్షణం ఇంటికొచ్చాడనే ఉంటది నాకు. ఆ ఒక్క క్షణం కూడా ఉంచరా?"

"ఆ క్షణం మీకూ దానికీ అత్తయ్యా. దాని తర్వాత దిగేది నేను. మీరిద్దరూ నా మొహం చూసే చూపు మీకు తెలియదు."

 పెద్దావిడ లేచి, కుర్చీ తనే ఎత్తుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

బంపరు విప్పి నేను నేలమీద పడుకున్నాను. కాసేపటికి నా తల పక్కన రెండు చిన్న పాదాలు ఆగాయి.

"తాతా, బైకుని తీసేస్తున్నావా?"

నా నోట్లో అబద్ధాలకు ఎప్పుడూ కరువు లేదు. బైకు నిద్రపోయిందనవచ్చు, దాని అమ్మ దగ్గరకు పోయిందనవచ్చు. ఒక్కటీ బయటకు రాలేదు.

"మరి నాన్న దేనిమీద వస్తాడు?"

మాధవి వచ్చి నేలమీద, నా పక్కనే, చీర మట్టయ్యేలా కూర్చుంది. పాపను ఒళ్లోకి లాక్కుంది.

"నాన్న రాడమ్మా. చచ్చిపోయాడు. ఊరెళ్లలేదు. ఈ చప్పుడు కారుది. రోజూ వచ్చేది అమ్మే."

"రేపు?"

"రేపు కూడా అమ్మే."

పాప ఏడవలేదు. నా చేతిలోని స్పీకరు వైపు చూసి, దాని మీద వేలు పెట్టి, దుమ్ము అంది. తర్వాత లోపలికి పోయింది.

స్పీకరు తుడిచి సంచిలో వేయబోతుంటే వరండాలోంచి సుభద్రమ్మగారు చెయ్యి చాపారు.

"అది ఇటివ్వు."

"కారులో కరెంటు లేకుండా ఇది పలకదక్కయ్యా."

"పలకనక్కర్లేదు. ఇటివ్వు."

ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని దానిమీద పైట కప్పారు. చప్పుడున్న మాడ్యూల్ నా దగ్గరే ఉంది. అది ఏం చేయమంటారని మాధవిని అడిగితే, మీ దగ్గరే ఉంచండి, నేను అడిగినా ఇవ్వకండి అంది.

బిగించేటప్పుడు చూపే శ్రద్ధంతా విప్పేటప్పుడూ చూపించాలని ఆ రోజే నాకు తట్టింది. వైర్ల కొసలకు టేపు చుట్టాను, ఫ్యూజులు సరిచూశాను, బంపరు వెనక స్క్రూలకు చేసిన బొక్కల్లో రబ్బరు బిరడాలు పెట్టాను. ఒక చుట్టు తిప్పి చూడమన్నాను. మాధవి కారు తీసుకుని వీధి చివరిదాకా వెళ్లింది.

తిరిగి ఎప్పుడొచ్చిందో నేను నిలబడి చూస్తున్నాను కాబట్టి తెలిసింది. కారు మలుపు తిరిగి, గేటు దాటి, షెడ్డులో ఆగింది. గిన్నె ఏదీ కింద పడలేదు. లోపల పాప ఏదో పాట పాడుకుంటూనే ఉంది. ఆమె కోరింది అదే. అయినా స్టీరింగ్ మీద చేతులు పెట్టి కొంచెంసేపు అలాగే కూర్చుంది, గేటు వైపు చూస్తూ. తర్వాత దిగి వరండా మెట్లెక్కింది.

సుభద్రమ్మగారు రోడ్డువైపే చూస్తూ అడిగారు. "ఏం తమ్ముడూ, అమ్మాయి ఇంకా రాలేదేంటి?"

"వచ్చానత్తయ్యా" అంది మాధవి, ఆవిడ వెనకనుంచి. "ఇక్కడే ఉన్నా."

ఇప్పుడు మా ప్రాంతంలో ఎలక్ట్రిక్ కార్లు పెరిగాయి. చిన్నపిల్లలున్న దంపతులే ఎక్కువగా కొంటున్నారు. పిల్లవాడికి రైలు కూత ఇష్టమనో, పాపకు ఫలానా పాట ఇష్టమనో చప్పుడు పెట్టమని వస్తూనే ఉన్నారు. నేను పెడుతూనే ఉన్నాను. బిగించే ముందు మాత్రం ఒకటి అడుగుతాను, ఇంట్లో ఈ బండి ఇంకెవరు నడుపుతారు, వాళ్లకు వేరే చప్పుడు పెడదామా అని. బండికి ఒక్క చప్పుడు చాలదా బాబాయ్ అని నవ్వుతారు. నవ్వనిస్తాను. ఆ రెండో మనిషి పేరు చెప్పేదాకా స్క్రూడ్రైవరు మాత్రం చేతిలోకి తీసుకోను.